ఆ ఫారం ఆవిడే నింపాలి

క్యాన్సర్ వార్డులో నర్సుని. రొమ్ము క్యాన్సర్‌కి చికిత్స తీసుకుంటున్నవాళ్ల చేత జీవన నాణ్యత ఫారం, అంటే నొప్పి, నీరసం, రోజువారీ పనులు ఎలా ఉన్నాయో అడిగే ఫారం, నింపించడం నా పనుల్లో ఒకటి. ఫారం ఇస్తూనే పక్కనున్నవాళ్లని కాసేపు బయట కూర్చోమంటాను. కొందరికి కోపం వస్తుంది. అయినా ఈ ఒక్క విషయంలో నేను తగ్గను.

భర్త పక్కనుంటే "నొప్పి పెద్దగా లేదుగా, కొంచెం అని పెట్టు" అంటాడు. ప్రేమతోనే అంటాడు. ఆవిడ కూడా ఆయన టెన్షన్ పడతాడని అలాగే పెట్టేస్తుంది. ఇక ఆ కాగితం దేనికి?

మేం వాడేది యూరప్‌లో క్యాన్సర్ పరిశోధన చేసే ఈఓఆర్‌టీసీ సంస్థ ఫారం, పేరు క్యూఎల్‌క్యూ-సి30. 1993 నుంచీ ఉంది, 30 ప్రశ్నలు. దానికి తోడు రొమ్ము క్యాన్సర్ కోసమే తయారైన అదనపు ప్రశ్నల ఫారం, బీఆర్23. చాలా ప్రశ్నలు గడిచిన వారం గురించే. "అస్సలు లేదు" నుంచి "చాలా ఎక్కువ" దాకా నాలుగు అంకెల్లో ఒకదానికి సున్నా చుట్టాలి.

బట్టలు లేకుండా మిమ్మల్ని మీరు చూసుకోవడం కష్టమైందా అనే ప్రశ్న దగ్గర పెన్నులు ఆగిపోతాయి. ఒకావిడ అక్కడ చాలాసేపు ఆగి, 4 చుట్టూ గట్టిగా గీసింది. "ఇది డాక్టర్‌గారు చూస్తారా?" అంది. చూడాలనే అడుగుతున్నామమ్మా అన్నాను. అప్పుడు చీర కొంగు తీసి చెయ్యి చూపించింది. వాచి, గాజు చర్మంలోకి నొక్కుకుపోయి ఉంది. చంకలో గ్రంథులు తీసినవాళ్లకి ఇలా వాపు రావచ్చు, తొందరగా పట్టుకుంటే అదుపులో పెట్టడం తేలిక. బీఆర్23లో చేతి వాపు గురించి ప్రశ్న ఉన్నది అందుకే. అంతకుముందు ఎవరడిగినా "బానే ఉన్నాను" అనే చెప్పిందట.

జవాబులన్నీ 0 నుంచి 100 దాకా స్కోర్లవుతాయి. పనులు చేసుకోగలగడంలో ఎక్కువ వస్తే మంచిది, నొప్పి, నీరసంలో ఎక్కువ వస్తే చెడ్డది. పక్క బెడ్ ఆవిడ స్కోరుతో పోల్చుకోకండి, మీ పాత స్కోరుతోనే పోల్చుకోండి. 10 పాయింట్లు తేడా వచ్చిందంటే మేం పట్టించుకోవాల్సిందే.

దాంపత్య జీవితం గురించిన ప్రశ్నలకి జవాబు రాయడం ఇష్టం లేకపోతే ఖాళీగా వదిలేయండి. మొహమాటానికి "అస్సలు లేదు" మీద మాత్రం సున్నా చుట్టకండి. ఖాళీ వదిలితే లెక్క కట్టేవాళ్లకి తెలుస్తుంది, అబద్ధం రాస్తే ఎవరికీ తెలియదు.