ఆటోనగర్‌లో గుద్దుకున్న లారీ

మా 2011 బ్యాచ్ వాళ్ళకి గుర్తుండే ఉంటుంది. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఆర్ట్ హిస్టరీ క్లాసు, కిటికీలకి నల్లగుడ్డ కట్టి ప్రొజెక్టర్ వేస్తే సగం మంది నిద్రే. ఆ రోజు మాత్రం ఎవరం పడుకోలేదు. తన ఒంటితోనే కళ చేసి చూపించే పెర్ఫార్మెన్స్ ఆర్టిస్టు మెరీనా అబ్రమోవిచ్ గురించి అని సార్ ముందే చెప్పారు మరి. 1974లో నేపుల్స్‌లో బల్ల మీద 72 వస్తువులు పెట్టి, వీటితో నన్నేం చేసినా సరేనని ఆరు గంటలు నిలబడిన మనిషి, 2010లో న్యూయార్క్‌ మోమా (మోడర్న్ ఆర్ట్ మ్యూజియం)లో ఎదురుగా వచ్చి కూర్చున్నవాళ్ళ కళ్ళలోకి చూస్తూ 700 గంటలకు పైగా గడిపిన మనిషి. అవన్నీ చూపిస్తారనుకుంటే సార్ వేసిన మొదటి స్లైడు లారీ. గుద్దుకున్న లారీ! తర్వాతది మేఘం. రెండూ ఆవిడ మొదట్లో వేసిన పెయింటింగులట.

"మిగతావి యూట్యూబ్‌లో ఉన్నాయి, మీరే చూసుకోండి" అన్నారు. మాకు ఒళ్ళు మండింది.

కానీ ఆ పెయింటింగుల వెనక కథ చెప్పడం మొదలుపెట్టాక ఊరుకున్నాం. బెల్‌గ్రేడ్‌లో ఆవిడకి పద్నాలుగేళ్ళప్పుడు బొమ్మలు నేర్పడానికి నాన్న స్నేహితుడు ఫిలో ఫిలిపోవిచ్ వచ్చాడట. కాన్వాసు నేల మీద పరిచి, జిగురు, ఇసుక, రంగులు పోసి, పెట్రోలు చల్లి అంటించి, "ఇది సూర్యాస్తమయం" అని వెళ్ళిపోయాడట. ఆ పిల్ల దాన్ని గోడకి తగిలించి సెలవులకి ఊరెళ్ళొస్తే, ఎండకి మొత్తం ఎండి రాలి నేల మీద కుప్పగా పడి ఉంది. (మే నెలలో మన హాస్టల్ పైగదిలో అయితే ఒక్కపూట చాలు.) పెద్దయ్యాక యాక్సిడెంట్ అయిందని తెలిస్తే వెళ్ళి ఫొటోలు తీసుకుని, స్కెచ్‌లు వేసుకుని వచ్చేదట, అయినా ఆ దెబ్బ రంగుల్లోకి దిగేది కాదట. ఇంకోరోజు గడ్డిలో పడుకుని ఆకాశం చూస్తుంటే మిలటరీ విమానాలు పన్నెండు గీతలు గీసుకుంటూ పోయాయి. ఆవిడ సరాసరి మిలటరీ బేస్‌కి వెళ్ళి, ఆకాశంలో బొమ్మ వేయాలి, పన్నెండు విమానాలు ఇవ్వండి అని అడిగింది. వాళ్ళు నాన్నకి ఫోన్ చేసి, మీ అమ్మాయిని తీసుకెళ్ళండి అన్నారు. పెయింటింగ్ మానేయడం అక్కడే మొదలైందని సార్ అన్నారు. నాకు మాత్రం ఆవిడ ఎప్పుడూ మానలేదనే అనిపిస్తుంది, కాన్వాసు చాలక బయటికొచ్చింది అంతే.

మర్నాడే అసైన్‌మెంట్. ఆటోనగర్ వెళ్ళి గుద్దుకున్న బండిని గీసుకురండి అని. మెహిదీపట్నంలో బస్సెక్కి, రెండు బస్సులు మారి, అట్టలు చంకన పెట్టుకుని దిగితే షెడ్డులో ఒకాయన "ఇన్సూరెన్సోళ్ళా?" అని అడిగాడు. కాదంటే నమ్మలేదు. ముందుభాగం నుజ్జయిన ఒక లారీ ముందు కూర్చున్నా. బంపర్ దాకా గీశానో లేదో, దాని క్లీనర్ కుర్రాడు వచ్చి "ఎట్లయిందో చెప్పాల్నా అన్నా?" అని మొదలుపెట్టాడు. చెప్పడం అంటే చెప్పడం కాదు, స్టీరింగ్ పట్టుకున్నట్టు చేతులు చాపి, బ్రేకు తొక్కి, ఒళ్ళంతా పక్కకి విసిరి, తల డోరుకి తగిలినచోట చెయ్యి పెట్టుకుని అలాగే కాసేపు ఉండిపోయాడు. చుట్టూ మెకానిక్కులు పని ఆపేశారు. నేను పెన్సిల్ పట్టుకుని చూస్తూ కూర్చున్నా.

సోమవారం ఆ బంపర్ బొమ్మే ఇచ్చి, ఎందుకు ఆగిపోయిందో సంజాయిషీగా ఇదంతా చెప్పాను. సార్ షీటు తిప్పి వెనక కూడా చూసి, పదికి నాలుగు వేసి, "బంపర్ బానే ఉందిరా, ఆ పిల్లాడేడి?" అన్నారు.