కారు పోయినా కంతు పోదు

సంక్రాంతికి భీమవరం చుట్టుపక్కల బరుల దగ్గర చేలో నిలబెట్టిన కార్లలో చాలావాటి ఆర్‌సీ మీద, లోన్ తీరనందున, బ్యాంకు పేరుంటుంది. అలాంటి కారుని దొంగలెత్తుకుపోతే ఇన్సూరెన్స్ సొమ్ము ముందు బ్యాంకుకే చేరుతుంది. అదీ ఫుల్ పాలసీ ఉంటేనే. థర్డ్ పార్టీ ఒక్కటే కట్టి ఊరుకుంటే పైసా రాదు.

ఎంతిస్తారన్నది మన బాకీ చూసి తేల్చరు, పాలసీలో రాసిన ఐడీవీ (బండి పోతే కంపెనీ ఇచ్చే గరిష్ఠ విలువ) చూసి తేలుస్తారు. మామూలు లెక్కలో రెండేళ్లు దాటి మూడేళ్లలోపు కారుకి 30 శాతం తరుగు. ఎక్స్ షోరూం ధర 9,00,000 అనుకుంటే ఐడీవీ 6,30,000. 1500 సీసీ లోపు ఇంజిన్‌కి తప్పనిసరి కోత 1,000 పోతే 6,29,000. ఏడేళ్ల లోన్ తీసుకున్నవాళ్లకి అప్పటికి బాకీ 6,80,000 ఉందనుకోండి, వచ్చిందంతా బ్యాంకుకి పోయి, పైన 51,000 చేతి నుంచి పడుతుంది. బాకీ 4,50,000 అయితే 1,79,000 మనకి మిగులుతుంది. ప్రీమియం తగ్గుతుందని ఐడీవీ కిందికి దింపించుకున్నవాళ్లకి దెబ్బ తగిలేది ఇక్కడే. రిటర్న్ టు ఇన్వాయిస్ (బిల్లు ధర ఇచ్చే అదనపు కవర్) తీసుకుని ఉంటే ఈ తేడా చాలావరకు పూడుతుంది, కానీ అది కొత్త కార్లకే ఇస్తారు.

క్లెయిమ్ తేలేదాకా ఈఎంఐ ఆపకండి. బండి లేకపోయినా లోన్ నడుస్తూనే ఉంటుంది. ఆపితే వడ్డీ, పెనాల్టీ కలిసి బాకీ పెరుగుతుంది, సిబిల్ స్కోరు దెబ్బతింటుంది.

పోయిన రోజే ఎఫ్ఐఆర్ పెట్టించండి. ఏ స్టేషన్ పరిధో తేలకపోతే జీరో ఎఫ్ఐఆర్ (పరిధితో పని లేకుండా ఏ స్టేషన్లోనైనా రాసేది) అడగండి. అదే రోజు ఇన్సూరెన్స్ కంపెనీకి, బ్యాంకుకి, ఆర్టీవోకి రాతపూర్వకంగా చెప్పి రసీదు ఉంచుకోండి. యానాం రిజిస్ట్రేషన్ బండి అమలాపురంలో పోతే ఎఫ్ఐఆర్ అమలాపురంలో, ఆర్టీవో లెటర్ యానాంలో. ఎఫ్ఐఆర్ వెంటనే పెట్టి ఉంటే, కంపెనీకి చెప్పడం ఆలస్యమైందన్న ఒక్క కారణంతో క్లెయిమ్ కొట్టెయ్యకూడదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. అలాగని తాత్సారం చెయ్యొద్దు.

నెలలు పట్టేది పోలీసుల నో ట్రేస్ రిపోర్టు దగ్గర. బండి దొరకలేదని వాళ్లు రాసిచ్చిందాకా కంపెనీ ఫైలు కదలదు, స్టేషన్ చుట్టూ తిరగాల్సిందే. ఈలోగా బ్యాంకు నుంచి బాకీ స్టేట్‌మెంటు, బండి పేరు మార్పు కోసం సంతకాలు చేసిన 28, 29, 30 ఫారాలు, హైపోథికేషన్ (ఆర్‌సీ మీది బ్యాంకు పేరు) తీయించే ఫారం 35, బండి మీది మన హక్కుల్ని కంపెనీకి అప్పగించే సబ్రొగేషన్ లెటరు సిద్ధం చేసుకోండి.

రెండు తాళాలూ అడుగుతారు. క్లెయిములు చాలావరకు చిక్కుకునేది వీటి దగ్గరే. ఒకటి ఎప్పుడో పోయి ఉంటే అప్పుడే స్టేషన్లో ఇచ్చిన ఫిర్యాదు కాపీ కావాలి. టీకొట్టు ముందు తాళం బండికే వదిలేసి దిగితే నిర్లక్ష్యమంటారు. కొట్టెయ్యొచ్చు, లేదా 75 శాతమిచ్చి సరిపెట్టొచ్చు.

కంపెనీ తిరస్కరించినా, ఫిర్యాదు చేసిన నెలలోపు జవాబు ఇవ్వకపోయినా, ఏడాదిలోపు హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ ఫిర్యాదులు తేల్చే అంబుడ్స్‌మన్‌కి రాయొచ్చు. ఆంధ్రాతో పాటు యానాం కూడా ఆ ఆఫీసు కిందే. 50 లక్షల దాకా వింటారు, ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు.