కొత్త ఆటోక్లేవ్ వచ్చాక

మా గదిలో ఆపరేషన్ పనిముట్లను ఆవిరితో క్రిమిరహితం చేసే మిషన్, కొత్త ఆటోక్లేవ్, పనిలోకి దిగాక వచ్చిన మొదటి సోమవారం ఇది. సోమవారమంటే మా విజయనగరం ఆసుపత్రి థియేటర్లకు ఊపిరి సలపదు. బొబ్బిలి, సాలూరు, గజపతినగరం వైపు కేసులన్నీ ఒక్కసారిగా వచ్చి పడతాయి.

పొద్దున్నే ఖాళీ ఛాంబర్‌లో బౌవీ-డిక్ పరీక్ష పెట్టాను, మిషన్ లోపలి గాలి పూర్తిగా పోతోందో లేదో చూడటానికి. 134 డిగ్రీల దగ్గర మూడున్నర నిమిషాలు. ప్యాకెట్ విప్పి చూస్తే లోపలి కాగితం అంచుల నుంచి నడిమి దాకా ఒకే నలుపు. మధ్యలో రంగు తేలిపోయిందంటే లోపల గాలి మిగిలిపోయినట్టు. గాలి ఉన్నచోటికి ఆవిరి చేరదు. ఈ కాగితం చూడకుండా మొదటి లోడు ఎక్కించమని ఎవరు తొందరపెట్టినా నేను ఒప్పుకోను.

పదిన్నరకు గైనిక్ థియేటర్ నుంచి ఫోను. "సిస్టర్, సిజేరియన్ సెట్టు ఇంకా రాలేదేమిటి? పెద్ద మిషన్ వచ్చింది కదా!" అడిగిన అమ్మాయి తప్పేమీ లేదు. ఆవిరి వేడి నిలవాల్సింది నాలుగు నిమిషాలే, అందరికీ గుర్తుండేదీ అదే. గాలి లాగడం, వేడెక్కడం, చివర ఆరడం కలుపుకొంటే సైకిల్ గంట దాకా పోతుంది. బయటికి తీశాక చల్లారేదాకా ముట్టుకోకూడదు. వేడి ప్యాకెట్‌ను చల్లని బల్ల మీద పెడితే తడి పుడుతుంది, తడిసిన గుడ్డలోంచి క్రిములు లోపలికి పోతాయి. వీటన్నిటికీ ముందు నానబెట్టడం, కడగడం, ఆరబెట్టడం, పరీక్షించడం, సర్దడం ఉన్నాయి. తొమ్మిదికి వాడిన సెట్టు ఒంటిగంట దాటితేగాని మళ్లీ చేతికి రాదు.

నిజానికి ఈరోజు కొత్త ఆటోక్లేవ్ చాలాసేపు సగం ఖాళీగానే తిరిగింది. వరుసంతా సింకుల దగ్గర ఆగిపోయింది. మా అటెండర్ పెద్దమ్మ రక్తనాళాన్ని బిగించి పట్టే ఒక ఆర్టరీ ఫోర్‌సెప్స్‌ను పూర్తిగా తెరిచి, కీలు దగ్గర బ్రష్‌తో రుద్ది, భూతద్దం దీపం కింద పెట్టి నన్ను పిలిచింది. కీలు సందులో చిన్న గోధుమరంగు చుక్క, ఎండిన రక్తం. "ఇది ఇక్కడే ఉండిపోతే ఆవిరేం చేస్తుందమ్మా?" అంది. మళ్లీ ఎంజైమ్ ద్రావణంలో వేశాం. థియేటర్ నుంచి మరో ఫోను వచ్చినా ఆమె చేయి వేగం పెంచలేదు. నాకెంత గర్వంగా అనిపించిందో!

మధ్యాహ్నం ఒక డాక్టరు గారు, రెండు సెట్లు ఒకే డ్రమ్ములో సర్దితే సమయం కలిసివస్తుందన్నారు. ఇడ్లీ రేకుల మధ్య చోటు లేకపోతే నడిమి ఇడ్లీ పచ్చిగా మిగులుతుంది కదా సార్, ఇదీ అంతే అన్నాను. ఆయన వెంటనే ఒప్పుకున్నారు.

చిన్న రంధ్రాలతో చేసే లాపరోస్కోపీ ఆపరేషన్ల సామానుది వేరే ఇబ్బంది. వేడికి తట్టుకోని కేబుళ్లు ఈటీవోకి, అంటే ఇథిలీన్ ఆక్సైడ్ వాయువుతో క్రిములను చంపే మిషన్‌కి వెళ్తాయి. తర్వాత కేబుళ్లలోంచి ఆ వాయువు వదిలించడానికే ఎనిమిది నుంచి పన్నెండు గంటలు పడుతుంది కాబట్టి ఒక్కో కేబులూ రోజుకు ఒక్క కేసుకే. హైడ్రోజన్ పెరాక్సైడ్ ప్లాస్మా మిషన్ అయితే గంట అటూఇటూగా పని ముగిస్తుంది. నూలుగుడ్డ, మామూలు కాగితం అందులో పెట్టడానికి లేదు, ఖర్చూ ఎక్కువే.

సాయంత్రం సూపరింటెండెంట్ గారికి ఇండెంట్, అంటే మాకు కావాల్సిన వాటి జాబితా, రాశాను. ఇంకో ఆటోక్లేవ్ అడగలేదు. సింకుల దగ్గరికి మరో మనిషి, కీళ్ల సందుల్లో మురికి వదిలించే అల్ట్రాసోనిక్ క్లీనర్, అదనంగా నాలుగు సిజేరియన్ సెట్లు. మనిషిని అడిగిన వరుసనే అన్నిటికంటే పైన రాశాను. కోత పెట్టించుకున్న తల్లికి మా గది ఎక్కడుందో కూడా తెలియదు, కానీ ఆమె కుట్లు చీము పట్టకుండా మానడంలో పెద్దమ్మ బ్రష్‌కూ వాటా ఉంది. సెట్లకు, క్లీనర్‌కు సార్ సంతకం పెట్టారు. మనిషి విషయం పై ఆఫీసు తేల్చాలట. రేపు డ్యూటీ దిగాక ఆ కాగితం పట్టుకుని నేనే వెళ్తాను.