మికేలా పాట

ఇడ్లీ పిండి కలిపి మూత పెట్టాను, గేటుకి తాళం వేశాను, మంచం ఎక్కి అటూ ఇటూ దొర్లాను. నిద్ర రాలేదు. ఇక లాభం లేదని లేచి వచ్చి ఇది రాస్తున్నాను. ఆవగింజంత విషయమే. చిన్నది ఇవాళ ఒక పాటని ముందుకు జరిపేసింది.

కార్మెన్ అనే ఫ్రెంచి ఒపెరా, అంటే పాటలతో నడిచే నాటకం, చూద్దామని తనే అడిగింది. వాళ్ళ కాలేజీలో ఎవరో కార్మెన్ మొదటి పాటకి డాన్స్ చేస్తున్నారట, అసలు కథేమిటో చూడాలని సరదా పుట్టింది. కథ స్పెయిన్‌లో జరుగుతుంది: హోసే అనే సిపాయి కార్మెన్ మోజులో పడి దొంగల్లో కలిసిపోతాడు, మికేలా అతని ఊరి పిల్ల. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. వంట తొందరగా ముగించుకుని వచ్చి కూర్చున్నాను. తీరా మొదటి అంకంలో మికేలా ఉత్తరం తెచ్చి ఇచ్చే చోట రిమోట్ తీసుకుంది. మూడో అంకంలో ఆ పిల్ల కొండల్లో ఒంటరిగా నిలబడి పాడే చోట మళ్ళీ తీసుకుంది. "అమ్మా, ఈ అమ్మాయి బోర్. కార్మెన్ ఎప్పుడొస్తుంది?" అంది. ఈయన ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే "సైడ్ క్యారెక్టరే కదా, పోనీ" అన్నారు.

అప్పుడు నేనేమీ అనలేదు. గిన్నెలు సర్దుతుంటే మొదలైంది కోపం.

ఐదారు నిమిషాల పాట అది. మా తాతయ్య పద్యనాటకాలకి వెళ్ళేది కథ తెలుసుకోవడానికి కాదు, కథ ఆయనకి ముందే తెలుసు. ఆ ఒక్క పద్యం వచ్చేదాకా తెల్లవార్లూ కూర్చుని, రాగానే వన్స్ మోర్ అని అరిచి మళ్ళీ పాడించుకునేవాడు. ఒపెరాకి పోయేవాళ్ళూ అంతే. సరిగ్గా ఆ పాట దగ్గరే రిమోట్ నొక్కితే ఇంక చూడటం ఎందుకు?

సరే, చిన్నదాన్ని అనకూడదు. పెద్దపెద్ద వాళ్ళే మికేలాని అలా చూస్తారు. కార్మెన్ గురించి ఎక్కడ చదివినా పేజీలకి పేజీలు కార్మెనే ఉంటుంది. హోసే పతనం గురించి ఇంకో పేజీ. ఎద్దులతో పోరాడే ఎస్కమిల్యోకి కూడా నాలుగు పేరాలు. మికేలాకి ఒక్క వాక్యం: పల్లెటూరి అమాయకురాలు, కార్మెన్‌కి పూర్తిగా ఎదురు. అంతే. ఎదురుగా నిలబెట్టడానికి గోడ అయినా సరిపోతుంది కదా, దానికో మనిషెందుకు?

పైగా ఆ మనిషిని ఎందుకు పెట్టారో తెలిస్తే ఇంకా ఒళ్ళు మండుతుంది. ప్రోస్పర్ మెరిమే 1845లో రాసిన మూలకథలో మికేలా లేనే లేదు. హోసే ఒకచోట, నీలం లంగాలు కట్టుకుని జడలు భుజాల మీద వేసుకున్న మా ఊరి పిల్లల్ని తప్ప అందమైనవాళ్ళని నేను ఊహించుకోలేకపోయేవాణ్ణి అన్నట్టుగా చెప్పుకుంటాడు. ఆ ఒక్క మాటలోంచి, ఒపెరాకి మాటలు రాసిన ఆన్రీ మెయాక్, లుడోవిక్ అలేవీ ఇద్దరూ కలిసి ఈమెని తయారు చేశారు. నీలం లంగా, జడ, రెండూ అలాగే ఉంచారు. ఎందుకు తయారు చేశారంటే పారిస్‌లోని ఒపెరా కోమిక్ అనే ఆ థియేటర్ కుటుంబాలు వచ్చే చోటు. పెళ్ళిచూపులు కూడా అక్కడి బాక్సుల్లోనే జరిగేవి. కార్మెన్ కథ అనగానే దాని డైరెక్టర్లలో ఒకడైన ద లూవెన్ హడలిపోయాడు. దొంగలు, సిగరెట్ ఫ్యాక్టరీ ఆడవాళ్ళు, చివర్లో స్టేజీ మీద హత్య! అప్పుడు అలేవీ ఆయన్ని సముదాయిస్తూ, మీ థియేటర్‌కి తగ్గట్టు మంచి ఒద్దికైన పిల్లని ఒకర్ని కూడా పెట్టాం అన్నాడట. ఈ సంగతి తర్వాత అలేవీయే రాసుకున్నాడు.

అంటే చేదు మందు మింగించడానికి నాలిక మీద వేసిన పంచదారన్నమాట మికేలా. ఇది మొదటిసారి చదివినప్పుడు ఆమెకి జరిగిన అన్యాయం నాకే జరిగినట్టు అనిపించింది.

1875 మార్చి 3న మొదటి ప్రదర్శన. జనం మొదటి అంకాన్ని బాగానే ఆదరించారు, పోనుపోనూ చల్లబడిపోయారు. మూడో అంకంలో మికేలా పాటకి మాత్రమే చప్పట్లు పడ్డాయని అలేవీ రాశాడు. నాలుగో అంకానికి హాలంతా మంచుగడ్డ. ఆ చప్పట్లే తర్వాత ఆమె మెడకి చుట్టుకున్నాయి. కార్మెన్‌ని కాదన్న జనం మెచ్చుకున్నారు కాబట్టి మికేలా పాతకాలపుది, మెత్తనిది, లెక్కలోకి రానిది అయిపోయింది. సంగీతం కట్టిన బిజేకి ఇదంతా చూసే రోజులు కూడా లేవు. మూడు నెలలకే, జూన్ 3న పోయాడు, ముప్పై ఆరేళ్ళకి.

నేను ఈ పాట మొదట విన్నది 2020 మార్చిలో. లాక్‌డౌన్ మొదలయ్యే రోజులు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపెరా తలుపులు మూసేసి, పాత ప్రదర్శనల్ని రోజుకొకటి ఉచితంగా నెట్‌లో పెట్టింది. మొట్టమొదట పెట్టింది కార్మెనే, 2010 నాటిది. ఎలీనా గరాంచా కార్మెన్. మికేలాగా బార్బరా ఫ్రిట్టోలి. నేను గరాంచా కోసమే పెట్టుకున్నాను. గరాంచా అద్భుతం, అందులో అనుమానం లేదు. కానీ మూడో అంకంలో హార్న్ వాద్యాలు నెమ్మదిగా మొదలై, దారి చూపించడానికి వచ్చినవాడు వెళ్ళిపోయి, ఆ రాళ్ళ మధ్య ఆ పిల్ల ఒక్కతీ మిగిలి, నాకేమీ భయం లేదు అని మొదలుపెట్టి, వెంటనే ఎంత ధైర్యం నటించినా లోపల ప్రాణం పోతోంది అని ఒప్పుకుంటుంది చూడండి, అక్కడ నాకు మా పిన్ని గుర్తొచ్చింది.

పిన్ని అంటే అమ్మ సొంత చెల్లెలు కాదు. అమ్మమ్మ చెల్లెలి కూతురు. తల్లీ తండ్రీ పోతే అమ్మమ్మే తెచ్చి పెంచింది. ఇంట్లో అందరూ దాన్ని "నోట్లో నాలుక లేని పిల్ల" అనేవారు. పెద్దమావయ్య బెజవాడలో లారీ ఆఫీసులో పనికి కుదిరి, అక్కడ ఎవరితోనో ఉంటున్నాడని తెలిసి, నెలల తరబడి ఉత్తరం ముక్క లేదు. వాడి పేరు ఈ ఇంట్లో ఎత్తొద్దన్నాడు తాతయ్య. అమ్మమ్మకి జబ్బు చేసింది. తాతయ్యకి తెలియకుండా పిన్ని చేతికి ఒక ఉత్తరం, తువ్వాలు చెంగున కట్టిన డబ్బు, ఒక డబ్బాలో సున్నుండలు ఇచ్చి పంపించింది. పిన్నికి అప్పుడు పద్దెనిమిదో పందొమ్మిదో. తణుకు దాటి ఎరగదు.

ఇదంతా పిన్నే నాకు చెప్పింది, ఒక వేసవిలో మేడ మీద అప్పడాలు ఆరబెడుతూ. ప్యాసింజర్ బండిలో నిద్రపోతే స్టేషన్ దాటిపోతుందేమోనని కిటికీ ఊచ పట్టుకుని నిలబడే వెళ్ళిందట. లారీ ఆఫీసు ముందు డ్రైవర్లు, క్లీనర్లు చుట్టూ చేరి, "లోపలికి రామ్మా, టీ తాగు, మీవాడు వస్తాడులే" అని నవ్వుతుంటే, "ఫర్వాలేదండి, మళ్ళీ వస్తాను" అని చెప్పి రోడ్డుకి అవతల బజ్జీల ముసలమ్మ పక్కన సాయంత్రం దాకా కూర్చుంది. మావయ్య వచ్చాడు. ఉత్తరం చదివాడు, డబ్బు తీసుకున్నాడు, సున్నుండలు తిన్నాడు, రానన్నాడు. అప్పుడు చెప్పింది పిన్ని, "పెద్దమ్మకి డాక్టరు ఇంక మందులు రాయడం లేదు రా" అని. ఆ రాత్రి బండికే బయల్దేరాడు. అమ్మమ్మ తర్వాత లేచి తిరిగింది, అది వేరే కథ.

మా ఇంట్లో ఈ సంగతి ఎవరు చెప్పినా "మావయ్య తిరిగొచ్చాడు" అంటారు. పిన్ని తీసుకొచ్చింది అన్నవాళ్ళు ఒక్కరు లేరు. మావయ్య షష్టిపూర్తిలో ఆయన జీవితం మీద అందరూ మాట్లాడారు. ఆ గండం గట్టెక్కిన సంగతీ వచ్చింది. ఆ టైంలో పిన్ని వంటవాళ్ళ దగ్గర పులిహోర సరిపోతుందా లేదా చూస్తోంది. నాకు మైకు అందుకుని చెప్పాలనిపించింది. అమ్మ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. ఇన్నేళ్ళకీ ఆ మంట అలాగే ఉంది, ఇవాళ ఆ రిమోట్ చూసేసరికి మళ్ళీ లేచింది.

మికేలా కూడా అచ్చంగా హోసే తల్లి పెంచిన అనాథ పిల్లే. వయసు పదిహేడు. మొదటి అంకంలో సిపాయిలు చుట్టూ మూగి లోపలికి రమ్మంటారు. ఏడవదు, అరవదు. కాపలా మారాక వస్తానని మర్యాదగా చెప్పి జారుకుంటుంది. పిట్ట ఎగిరిపోయిందని వాళ్ళు పాడుకుంటారు. తల్లి ఇచ్చిన ఉత్తరం, డబ్బు, ఒక ముద్దు తెచ్చి హోసేకి అప్పజెబుతుంది. ఆ ఉత్తరంలో ఈమెని పెళ్ళి చేసుకోమని ఉంటుంది, అది అతను చదివేటప్పుడు సిగ్గుపడి పక్కకి వెళ్ళిపోతుంది.

నిజానికి నేను రాయాలని కూర్చున్నది వేరు. మంచితనం కూడా ఆకర్షణే, మికేలా ప్రేమ కార్మెన్ ప్రేమ కన్నా గట్టిది అని రాద్దామనుకున్నాను. ఇందాక లేచి వచ్చి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, మాటల అర్థం పక్కన పెట్టుకుని మళ్ళీ విన్నాను. మిరెల్లా ఫ్రెనీ పాడింది, ఆర్కెస్ట్రా నడిపించే కరాయన్‌తో చేసిన పాత రికార్డింగ్. ఫ్రెనీ 1955లో తన సొంత ఊరు, ఇటలీలోని మోడెనాలో ఇరవయ్యేళ్ళ వయసులో మొదటిసారి స్టేజీ ఎక్కింది ఈ పాత్రతోనే. ఆ గొంతులో బెదురూ ఉంది, పట్టుదలా ఉంది. పాట మధ్యలో సంగీతం ఉన్నట్టుండి కలవరపడుతుంది. ఆ ఆడదాన్ని దగ్గరగా చూస్తాను, ప్రమాదకరమైనది, అందమైనది, అయినా భయపడను అంటుంది. ఆమె మాయలకి లోబడి దుర్మార్గుడైపోయినవాడు అంటూ, ఒకప్పుడు నేను ప్రేమించిన మనిషి అంటుంది. ఒకప్పుడు!

ఇన్నిసార్లు విన్నాను, ఈ రాత్రే అక్కడ ఆగిపోయాను. కొండలెక్కి వచ్చేసరికే ఆ ప్రేమ అయిపోయినట్టుంది. ఆమె హోసే కోసం రాలేదు. ఆ ముసలామె కోసం వచ్చింది. తర్వాత దొంగల గుంపు ముందు నిలబడి, మీ అమ్మ ఏడుస్తోంది, రమ్మంటోంది అని మాత్రమే చెబుతుంది. వెళ్ళమని కార్మెన్ కూడా అంటుంది. హోసే కదలనంటాడు. అప్పుడు, ఆఖరుగా, మీ అమ్మ చావుబతుకుల్లో ఉంది అంటుంది. అసలు మాటని అంతసేపూ ఎందుకు దాచింది? తనంతట తను వస్తాడేమో అని చూసి ఉంటుంది. వాడికి ఆ ఒక్క అవకాశం ఇచ్చింది.

కాబట్టి మికేలా ప్రేమ గొప్పది అనే మాట నేనిక రాయను. కార్మెన్‌తో పోటీ కూడా పెట్టను. కార్మెన్‌ని తక్కువ చేస్తే తప్ప మికేలా పెరగదంటే అది అలేవీ ఆ డైరెక్టర్‌కి ఇచ్చిన హామీయే మళ్ళీ చదివినట్టు. ఆ ఇద్దరు రచయితలు పంచదార అనుకుని పెట్టినదాన్ని బిజే మనిషిని చేశాడు. భయపడుతూనే పని పూర్తిచేసే మనిషిని. మెత్తనిది అంటున్నారే, ఆ పాట చివర్లో గొంతు పైకి లేచే చోట మెత్తదనం ఎక్కడుందో నాకు చూపించండి.

ఒకటి మాత్రం ఎంత ఆలోచించినా మింగుడు పడదు. నాలుగో అంకంలో ఆమె లేదు. మూడో అంకం చివర హోసేని వెంటబెట్టుకుని కొండ దిగుతుంది, అంతే. తెర లేస్తే సెవిల్ నగరం, ఎద్దుల పోటీ, ఊరేగింపు, పిల్లల కేకలు, కొత్త బట్టల్లో కార్మెన్. హోసే మళ్ళీ కార్మెన్ వెంటే పడుతుంటాడు. తల్లి పోయిందా, బతికిందా, చివరి చూపు దక్కిందా, ఒక్క మాట చెప్పడు. మికేలా పేరు కూడా తలచడు. కార్మెన్‌ని పొడిచి, నన్ను పట్టుకోండి అంటాడు, తెర పడుతుంది.

మరి ఆ పిల్ల ఎక్కడుంది? ఆ ముసలామె తప్ప ఆమెకి ఇంకో ఇల్లు లేదు. ఆమె పోయి ఉంటే ఈమె ఎవరింట్లో ఉంది? హోసేకి ఉరిశిక్ష పడితే ఆ కబురు వాళ్ళ సొంత ప్రాంతం నవార్ దాకా మోసుకెళ్ళి ఆమెకి చెప్పేదెవరు? కబుర్లు మోసే మనిషి ఆమే కదా. ఊరేగింపులో కమలాపళ్ళు అమ్మేవాళ్ళకి, విసనకర్రలు అమ్మేవాళ్ళకి కూడా పాట రాశారు. మికేలాకి ఒక్క వాక్యం రాయాలని ముగ్గురిలో ఒక్కరికీ తోచలేదు. మిగతా అన్నిటికీ సర్దుకుంటాను కానీ దీనికి సర్దుకోలేను.