ఒకే పంపులో రెండు మందులు

ఆయాసమొస్తే పీల్చే నీలం పంపు (సాల్బుటమాల్ ఇన్‌హేలర్) నెలకొకటి అయిపోతోందని చెప్పగానే డాక్టరుగారు రాయడం ఆపేశారు. "అందులో 200 పఫ్‌లుంటాయమ్మా. నెలకే అయిపోతోందంటే ఉబ్బసం అదుపులో లేదన్నమాట."

నాకేమో అది సంజీవనిలా ఉండేది. ఉప్పల్‌లో మా ఎదురుగా అపార్ట్‌మెంట్ కడుతున్నారు. ఆ దుమ్ముకి అర్ధరాత్రి పిల్లికూతలు మొదలైతే రెండు పఫ్‌లు, ఐదు నిమిషాల్లో ఊపిరి ఆడేది. అందులోని సాల్బుటమాల్ బిగుసుకున్న ఊపిరి గొట్టాలను నాలుగైదు గంటలు వదులు చేస్తుందే కానీ లోపలి వాపు జోలికి పోదట. వాపు తగ్గాలంటే స్టెరాయిడ్ కావాలి. అందుకే బుడెసొనైడ్ అనే స్టెరాయిడ్ 200, గొట్టాలను వదులు చేసే ఫార్మోటెరాల్ 6 మైక్రోగ్రాములు కలిపిన పంపు రాశారు. ఫార్మోటెరాల్ కూడా నిమిషాల్లో పనిచేసి పన్నెండు గంటలు నిలుస్తుంది కాబట్టి ఉదయం, రాత్రి అదే, మధ్యలో ఆయాసమొచ్చినా అదే. రోజుకెన్ని మించకూడదో చీటీ మీద రాసిచ్చారు. తుమ్ములకు రాత్రి మాంటెలుకాస్ట్ మాత్ర ఇచ్చి, పీడకలలు, చిరాకు వస్తే వెంటనే చెప్పమన్నారు.

స్టెరాయిడ్ అనేసరికి మా అత్తయ్యకు టెన్షన్. "పంపు అలవాటైతే ఇక వదలదు. మృగశిర కార్తెకి నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌కి పోయి చేప ప్రసాదం వేయించుకుందాం" అంది. డాక్టరుగారిని అడిగితే నవ్వి, "అది మీ ఇష్టం, పంపు మాత్రం ఆపొద్దు" అన్నారు.

మొదటి వారం చేతులు వణికాయి, గుండె దడ. నొక్కడం, పీల్చడం ఒకేసారి కుదిరేది కాదు, మందంతా నాలుక మీదే. పంపుకి స్పేసర్ (మందు నిలిచే ప్లాస్టిక్ గొట్టం) తగిలించాక ఆ తంటా పోయింది. నోట్లో స్టెరాయిడ్ మిగలకుండా పీల్చాక పుక్కిలించడానికి మాత్రం బద్ధకించాను. మూడో వారానికి నాలుక మీద తెల్లటి ఫంగస్ పొర! దానికి మళ్లీ వేరే మందు.

అసలు తప్పు చేసింది తర్వాత. నెలయ్యాక హాయిగా ఉందని చెప్పాపెట్టకుండా మానేశాను. పది రోజులకే తెల్లవారుజామున మూడింటికి మంచం మీద కూర్చుని దగ్గుతున్నాను. డాక్టరుగారు తిట్టలేదు, అదే ఇబ్బందిగా అనిపించింది. "బాగుందంటే మందు పనిచేస్తోందనమ్మా" అన్నారంతే.

ఇప్పుడు పంపు బ్రష్ పక్కన పెట్టుకున్నాను. పీల్చి, పుక్కిలించి, పళ్లు తోముకుంటాను. ఊపిరి ఎంత వేగంగా వదులుతున్నామో కొలిచే పీక్ ఫ్లో మీటర్‌లో ఊదితే 240 దగ్గరుండేది 350కి వచ్చింది. మూడు నెలలు ఇలాగే ఉంటే డోసు తగ్గిద్దామన్నారు. ఎదురుగా ఇంకా రెండు స్లాబులు మిగిలున్నాయి.