వంకాయ లేతగా ఉన్నప్పుడే కోయాలి

వంగ మొక్కలు పెంచేవారు ఎరువు గురించి, పురుగు గురించి ఎంతో ఆలోచిస్తారు కాని, కాయను ఎప్పుడు కోయాలన్నది అంతగా పట్టించుకోరు. నా దృష్టిలో పెరటి వంకాయ రుచి చాలావరకు ఆ కోతలోనే ఉంది. చర్మం నిగనిగలాడుతూ, బొటనవేలితో నొక్కితే కాస్త లోపలికి పోయి మళ్ళీ పైకి లేచే దశలో కాయను కోయాలి. మెరుపు తగ్గిందంటే లోపల గింజ ముదిరినట్టే, అది ఇక గుత్తివంకాయ కూరకు పనికిరాదు. ముదురు కాయలను అలాగే వదిలేస్తే మొక్క తన బలమంతా గింజలకే పెట్టి కొత్త పూతను తగ్గించుకుంటుంది కనుక, నాలుగైదు రోజులకొకసారి కోస్తూ ఉండడం మేలు. చేతితో లాగితే కొమ్మ చీలిపోతుంది. ముచ్చిక కాయకే ఉండేలా కత్తెరతో తొడిమను కత్తిరించాలి.

నాటడంలో పెద్ద చిక్కేమీ లేదు. నెల దాటిన నారును, బాగా మాగిన పశువుల ఎరువు కలిపిన నేలలో, రెండేసి అడుగుల ఎడంతో నాటితే సుమారు రెండు నెలలకు కాయలు అందుతాయి. భాగ్యమతి, శ్యామల, గులాబి మన ప్రాంతంలో పేరున్న రకాలు. పూత రాలుతోందని దిగులుపడేవారు ఒక్కసారి పువ్వును దగ్గరగా చూడాలి: కీలం, అంటే పువ్వు నడుమ నిలిచే సన్నని కాడ, పొట్టిగా ఉండి కేసరాల మధ్య దాగిన పూలు సాధారణంగా కాయ కట్టవు, కీలం కేసరాలను దాటి బయటికి వచ్చిన పూలే నిలుస్తాయి.

అసలు కష్టం మొవ్వ, కాయ తొలుచు పురుగుతోనే. 2010 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం నిలిపివేసిన జన్యుమార్పిడి రకం బీటీ వంగను తయారు చేసింది ఈ పురుగును తట్టుకోవడానికే. కొమ్మ కొస వాలిపోతే నీరు చాలలేదనుకుంటారు కాని, తడి ఉన్న నేలలో, సాయంత్రం చల్లబడ్డాక కూడా ఒకటి రెండు కొసలు మాత్రమే తల వేలాడేసి ఉంటే వాటిలో పురుగును అనుమానించాలి. లోపలికి చేరిన పురుగును పైన చల్లిన వేపనూనె అందుకోలేదు. వాడిన కొసను కింద కాస్త పచ్చి భాగంతో సహా తుంచి, పుచ్చు కాయలను కూడా ఏరి, వాటిని ఎరువు గుంతలో వేయకుండా కాల్చివేయాలి. చిన్న పెరటిలో రోజూ కాసేపు చేసే ఈ పనినే నేను మందులకన్నా ఎక్కువగా నమ్ముతాను.

కాపు తగ్గాక మొక్కను పీకనవసరం లేదు. నేల నుంచి అడుగు ఎత్తు ఉంచి పైకొమ్మలు నరికి, మొక్క మొదలు దగ్గర ఎరువు వేసి నీరు పెడితే కొత్త చిగుళ్ళు వచ్చి మళ్ళీ కాస్తుంది. ఆకులు చిన్నవైపోయి గుబురుగా మారిన వెర్రి తెగులు మొక్కను మాత్రం ఇలా ఉంచకూడదు, ఆకుల రసం పీల్చే దోమ ఆ తెగులును పక్క మొక్కలకు చేర్చకముందే వేరుతో సహా తీసివేయాలి.