కొరియాలో నా పింఛను లెక్క

కావలిలో బీఈడీ చేసి దక్షిణ కొరియాకు ఇంగ్లీషు బోధించడానికి వెళ్లినప్పుడు, జీతం ఏ నెలా ఆలస్యం చేయని మా శిక్షణ సంస్థ యజమాని పింఛను సొమ్ము దగ్గర మాత్రం కక్కుర్తి పడ్డాడు.

అప్పటి నియమం ప్రకారం జాతీయ పింఛను నిధికి నెల ఆదాయంలో 9 శాతం చేరాలి; అందులో సగం ఉద్యోగిది, సగం యజమానిది. నా జీతం 22 లక్షల వోన్లు కాగా, పే స్లిప్పులో 99,000 కోత స్పష్టంగా కనిపించేది. పింఛను కార్యాలయంలో తీయించిన చందా వివరాల్లో మాత్రం నా ఆదాయం 15 లక్షలనీ, నా వాటా 67,500 అనీ ఉంది. అంటే నా దగ్గర కోసిన దాంట్లో 31,500 తన జేబులో వేసుకుని, తన వాటాలోనూ అంతే ఎగ్గొట్టాడన్నమాట.

ఒంగోలులో పీఎఫ్ లెక్కలు చూసే మా బావగారు ఫోన్లో విని, "బేసిక్ తగ్గించి చూపించడం మన దగ్గరి విద్యే అనుకున్నానయ్యా" అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

యజమానిని అడిగితే విదేశీయులకు ఇంతేనన్నాడు. అది పచ్చి అబద్ధం. ఉద్యోగ ఒప్పందం, పే స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంటు సమర్పించాక, అధికారులు నా ఆదాయాన్ని సరిదిద్ది బకాయి అతని నుంచే వసూలు చేశారు. భారత్, కొరియాల సామాజిక భద్రతా ఒప్పందం 2011 నవంబరు నుంచి అమల్లో ఉన్నందున, తిరిగి వచ్చేటప్పుడు రెండు వాటాలూ వడ్డీతో సహా ఒకేసారి చేతికందాయి. ఆ నమోదు అలాగే ఉండి ఉంటే 15 లక్షల లెక్కనే వచ్చేవి.